అనగనగా ఒక క్రియ ఉండేది!

‘వెళ్లాను’ అంటే ఒక సంగతి. ‘వెళ్లేవాణ్ని’ అంటే ఇంకో సంగతి. ఆ తేడా తెలుగు పిల్లలకు ఎవరూ బళ్లో నేర్పరు. అమ్మ మాటల్లోంచి, అమ్మమ్మ కథల్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. సరిగ్గా ఆ తేడా దగ్గరే స్పానిష్‌ నేర్చుకునే ఇంగ్లిషువాళ్లకు చెమటలు పడుతుంటాయి. ఆ భాషలో ‘ఇంపర్‌ఫెక్ట్‌ టెన్స్‌’ అనే భూతకాలం ఉంది. పేరు చూసి భయపడతారు గానీ స్పానిష్‌ మొత్తంలో ఇంత బుద్ధిమంతురాలైన కాలం మరొకటి లేదు. తెలుగువాళ్లకైతే అది చుట్టమే!

స్పెయిన్‌ నుంచి అర్జెంటీనా దాకా ఇరవై దేశాల్లో వినిపించే భాష స్పానిష్‌. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో అదొకటి. అమెరికా బడుల్లో విదేశీ భాషగా ఎక్కువమంది పిల్లలు తీసుకునేదీ అదే. టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలూ దాన్నే తీసుకుంటున్నారు. ఇక్కడివాళ్లయినా, అక్కడివాళ్లయినా ఇంగ్లిషు మీదుగానే స్పానిష్‌లోకి వెళ్తారు. మిగతా పాఠాలకు ఆ దారి బాగానే ఉంటుంది. ఈ ఒక్క పాఠానికి మాత్రం అది చుట్టుదారి. తెలుగు మీదుగా వెళ్తే దగ్గర.

లోపం కాదు... ముగియకపోవడం

‘ఇంపర్‌ఫెక్ట్‌’ అనగానే ఏదో లోపం ఉందనుకుంటాం. లాటిన్‌లో ఆ మాటకు అర్థం ‘పూర్తికానిది’ అని. అంతే. పని జరిగిన మాట నిజమే. అయితే అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో మాట్లాడేవాళ్లకు అనవసరం. అది జరుగుతూ ఉన్నప్పటి స్థితినే చూపించాలి. అందుకోసం ఉన్న కాలం ఇది.

ఆంతోనియో దె నెబ్రిహా అనే పండితుడు 1492లో స్పానిష్‌ వ్యాకరణం రాసి అచ్చువేయించాడు. కొలంబస్‌ ఓడలెక్కి బయల్దేరింది కూడా ఆ ఏడాదే. నెబ్రిహా ఈ కాలానికి పెట్టిన పేరు ‘పసాదో నో అకబాదో’. అంటే ‘ముగియని గతం’. సూటిగా, ఎంత బాగుందో! తర్వాత 1847లో ఆంద్రెస్‌ బెల్యో మరో పేరు పెట్టాడు. వెనిజులాలో పుట్టి చిలీలో స్థిరపడిన పండితుడాయన. లాటిన్‌ అమెరికా వాళ్ల కోసం రాసిన వ్యాకరణంలో దీన్ని ‘కోప్రెతేరితో’ అన్నాడు. ‘తోడుగా నడిచే గతం’ అని చెప్పుకోవచ్చు. ఒక సంఘటన జరుగుతుంటే దాని పక్కనే, దాని వెనకే సాగుతూ ఉండే మరో గతం అన్నమాట. మెక్సికో బడుల్లో ఈ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆరు రూపాలు... ఒకటే పాట

స్పానిష్‌లో క్రియలన్నీ మూడు జట్లు. ‘ఆర్‌’తో ముగిసేవి, ‘ఏర్‌’తో ముగిసేవి, ‘ఈర్‌’తో ముగిసేవి. కంతార్‌ అంటే పాడటం. కొమేర్‌ అంటే తినడం. బిబీర్‌ అంటే జీవించడం, నివసించడం. స్పానిష్‌లో వి అక్షరాన్నీ ‘బ’లాగే పలుకుతారు కాబట్టి ‘వివీర్‌’ కాస్తా బిబీర్‌ అయింది.

ముందు కంతార్‌ సంగతి చూద్దాం. చివరి ‘ఆర్‌’ తీసేస్తే మిగిలేది ‘కంత్‌’. దానికి ‘ఆబా’ అతికిస్తే పనైపోయింది.

నేను పాడేవాణ్ని, పాడేదాన్ని - కంతాబా
నువ్వు పాడేవాడివి, పాడేదానివి - కంతాబాస్‌
అతను పాడేవాడు, ఆమె పాడేది - కంతాబా
మేం పాడేవాళ్లం - కంతాబామోస్‌
మీరంతా పాడేవాళ్లు - కంతాబాయిస్‌
వాళ్లు పాడేవాళ్లు - కంతాబాన్‌

ఆరింటిలోనూ ఊనిక ఒకే చోట, ‘తా’ మీదే పడుతుంది. నాలుగుసార్లు పైకి చదివితే ఎక్కాల్లా నోటికి పట్టేస్తుంది. ‘త’ను మన ‘త’లాగే పలకాలి. ఇంగ్లిషు అలవాటులో ‘కంటాబా’ అనకూడదు. అదీ మనకు కలిసొచ్చేదే.

మిగిలిన రెండు జట్లకూ ఒకటే తోక... ‘ఈయా’. కొమేర్‌ తీసుకుంటే: కొమీయా, కొమీయాస్‌, కొమీయా, కొమీయామోస్‌, కొమీయాయిస్‌, కొమీయాన్‌. బిబీర్‌ కూడా అచ్చం ఇలాగే: బిబీయా, బిబీయాస్‌, బిబీయా... రెండు తోకలు గుర్తుంటే వేల క్రియలు చేతికొచ్చినట్టే.

ఇంకో వెసులుబాటు కూడా ఉంది. అయిదో రూపం స్పెయిన్‌లోనే వాడతారు. లాటిన్‌ అమెరికాలో ‘మీరంతా’ అనడానికీ ఆరో రూపమే సరిపోతుంది. ఇక ఒక్క మనిషినే గౌరవంగా ‘మీరు’ అనాలంటే ‘ఉస్తెద్‌’ అంటారు. దానికి వాడేది ‘అతను’ రూపం. ఉస్తెద్‌ కంతాబా... అంటే మీరు పాడేవారు.

గమనించారా... ‘నేను’కూ ‘అతను’కూ రూపం ఒకటే! కారణం తెలియాలంటే రెండు వేల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. లాటిన్‌లో అవి వేరువేరుగా ఉండేవి. ‘నేను పాడేవాణ్ని’కి కంతాబామ్‌, ‘అతను పాడేవాడు’కి కంతాబాత్‌. జనం నోళ్లలో నలిగి చివరి ‘మ్‌’, చివరి ‘త్‌’ రాలిపోయాయి. మిగిలింది కంతాబా. ఎవరి గురించి చెబుతున్నారో తేలకపోతే ముందు ‘యో’ (నేను), ‘ఎల్‌’ (అతను), ‘ఎల్యా’ (ఆమె) తగిలిస్తారు. మన క్రియలో ఆడా మగా తెలిసిపోతుంది. స్పానిష్‌ క్రియకు ఆ పట్టింపు లేదు.

మొండిఘటాలు మూడే

వర్తమాన కాలంలో స్పానిష్‌ క్రియలు చేసే అల్లరి అంతా ఇంతా కాదు. దొర్మీర్‌ అంటే నిద్రపోవడం. ‘నేను నిద్రపోతాను’ అనాలంటే ‘దువెర్మో’ అనాలి. తెనేర్‌ (కలిగి ఉండటం) ‘తెంగో’ అవుతుంది. అసేర్‌ (చేయడం) ‘ఆగో’ అవుతుంది. అలాంటివి బోలెడు. అదే ఇంపర్‌ఫెక్ట్‌లోకి వచ్చేసరికి అన్నీ బుద్ధిగా కూర్చుంటాయి. దొర్మీయా, తెనీయా, అసీయా... అంతే.

మాట వినని క్రియలు మొత్తం భాషలో మూడంటే మూడే.

ఈర్‌ (వెళ్లడం): ఈబా, ఈబాస్‌, ఈబా, ఈబామోస్‌, ఈబాయిస్‌, ఈబాన్‌.

సేర్‌ (అయి ఉండటం): ఎరా, ఎరాస్‌, ఎరా, ఎరామోస్‌, ఎరాయిస్‌, ఎరాన్‌.

బేర్‌ (చూడటం): బెయీయా, బెయీయాస్‌, బెయీయా, బెయీయామోస్‌, బెయీయాయిస్‌, బెయీయాన్‌.

మొదటి రెండూ లాటిన్‌ నాటి రూపాలను దాదాపు అలాగే దాచుకున్నాయి. పొద్దున లేస్తే వందసార్లు వాడే మాటలు కదా... మారే తీరిక దొరకలేదు. మూడోదానిది అసలు తప్పే కాదు. పాత స్పానిష్‌లో ఆ క్రియ ‘బెయేర్‌’గా ఉండేది. తర్వాత కుదించుకుపోయి బేర్‌ అయింది. ఇంపర్‌ఫెక్ట్‌లో మాత్రం పాత ఇంటిపేరే ఉండిపోయింది.

అమ్మ పాడింది... అమ్మ పాడేది

రూపాలు నేర్చుకోవడం ఒక పూట పని. ఎక్కడ వాడాలో తెలియడమే అసలు పరీక్ష. ఎందుకంటే స్పానిష్‌లో ఇంకో భూతకాలం కూడా ఉంది. దాన్ని ‘ప్రెటరిట్‌’ అంటారు. అది ముగిసిన పనికి. ‘కంతో’ అంటే పాడింది. ‘కంతాబా’ అంటే పాడేది. మాట్లాడే ప్రతిసారీ ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

ఇంగ్లిషు వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే. ఇంగ్లిషులో ‘షి సాంగ్‌’ అంటే నిన్న ఒకసారి పాడినా అదే, రోజూ పాడుతూ ఉన్నా అదే. తేడా చెప్పడానికి ‘యూజ్డ్‌ టు’ లాంటి మాటలు ఉన్నాయి గానీ అవి వాడి తీరాలనే నియమం లేదు. అందుకే ఆ తేడాను ప్రతి వాక్యంలోనూ పట్టించుకునే అలవాటు వాళ్లకు ఉండదు. మనకు అదే అలవాటు. తెలంగాణలో ‘పోయేటోళ్లం’ అన్నా, కోస్తాలో ‘వెళ్లేవాళ్లం’ అన్నా లెక్క ఒకటే. స్పానిష్‌లో అది ‘ఈబామోస్‌’.

‘కాదు’ చెప్పేటప్పుడూ అంతే. ‘తాతయ్య మాంసం తినలేదు’ అంటే ఆ పూట తినలేదని. ‘తినేవాడు కాదు’ అంటే అలవాటు లేదని. మొదటిది ‘నో కొమియో’, రెండోది ‘నో కొమీయా’.

ఇంకా ఆశ్చర్యం... కథలు మొదలుపెట్టే తీరు. ‘అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడు’ అంటాం. స్పెయిన్‌ బామ్మ మొదలుపెట్టేది ‘అబీయా ఊనా బేస్‌’ అని. ‘అబీయా’ అంటే ‘ఉండేవాడు, ఉండేది’. అదీ ఇంపర్‌ఫెక్టే! రాజు ఉండేవాడు, ఆయనకు ఏడుగురు కొడుకులు ఉండేవారు... ఇదంతా ముగియని గతం. ‘ఒకనాడు వేటకు వెళ్లారు’ అనగానే కథ కదులుతుంది. అక్కడ స్పానిష్‌లో ప్రెటరిట్‌ వస్తుంది. రంగస్థలం మీద తెర, దీపాలు ఇంపర్‌ఫెక్ట్‌. పాత్ర అడుగుపెట్టడం ప్రెటరిట్‌.

పదేళ్లయినా ముగిసినట్టే!

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎక్కువకాలం జరిగితే ఇంపర్‌ఫెక్ట్‌, తక్కువకాలం జరిగితే ప్రెటరిట్‌ అనుకుంటారు. అది తప్పు. ‘పదేళ్లు మాడ్రిడ్‌లో ఉన్నాను’ అనాలంటే ప్రెటరిట్‌ వాడాలి. పదేళ్లని కొలత వేసేశాం కదా... గిరి గీసినట్టే, ముగిసినట్టే. ‘చిన్నప్పుడు మాడ్రిడ్‌లో ఉండేవాణ్ని’ అంటే ఇంపర్‌ఫెక్ట్‌.

సందేహం వస్తే తెలుగులో అనుకుని చూస్తే చాలు. ‘పదేళ్లు మాడ్రిడ్‌లో ఉండేవాణ్ని’ అంటే చెవికి ఎక్కడో తేడాగా తగులుతుంది. ఆ చెవే స్పానిష్‌లోనూ పనికొస్తుంది.

పాఠ్యపుస్తకాలు కొన్ని గుర్తుమాటలు ఇస్తాయి. ‘రోజూ’, ‘మాటిమాటికీ’, ‘ప్రతి వేసవిలో’ అని ఉంటే ఇంపర్‌ఫెక్ట్‌ అనీ, ‘నిన్న’, ‘ఒకసారి’, ‘ఉన్నట్టుండి’ అని ఉంటే ప్రెటరిట్‌ అనీ. చాలాసార్లు అవి నిజమే. కానీ వాటినే నమ్ముకుంటే కష్టం. ‘ఎప్పుడూ’ అనే మాట రెండింటితోనూ వస్తుంది. జీవితమంతా ఒక్క చూపులో చూసి ‘ఆయన ఎప్పుడూ నిజాయతీగానే బతికాడు’ అనేస్తే అది ముగింపు వాక్యం. అక్కడ ప్రెటరిట్‌ కావాలి.

తెలుగు చెయ్యి వదిలేసే చోట్లు

అన్నిచోట్లా తెలుగు కాపాడుతుందా? లేదు. ముఖ్యంగా మూడుచోట్ల జాగ్రత్తగా ఉండాలి.

ఒకటి: ‘నేను వచ్చేసరికి అమ్మ వంట చేస్తోంది’ అంటాం. జరిగిపోయిన సంగతే అయినా ‘చేస్తోంది’ అని ఇప్పుడు జరుగుతున్నట్టే చెబుతాం. స్పానిష్‌లో అక్కడా ఇంపర్‌ఫెక్టే కావాలి... ‘కొసినాబా’. అంటే మన ‘చేసేది’, ‘చేస్తోంది’ రెండూ ఆ ఒక్క రూపంలోనే ఇమిడిపోతాయి.

రెండు: ‘ఆ ఇల్లు పెద్దది’ అంటాం. క్రియే లేదు. స్పానిష్‌లో క్రియ లేకుండా కుదరదు. గతంలోని ఇల్లయితే ‘ఎరా’ పెట్టాల్సిందే.

మూడు: వయసు, టైము. ‘అప్పుడు నాకు ఎనిమిదేళ్లు’ అనడానికి ‘తెనీయా ఓచో ఆన్యోస్‌’ అంటారు. అంటే అప్పటికి ఎనిమిదేళ్లు ‘కలిగి ఉండేవాణ్ని’ అన్నమాట. ‘మూడయింది’ అని మనం ముగించేస్తాం. వాళ్లు ‘ఎరాన్‌ లాస్‌ త్రెస్‌’ అని ముగించకుండా వదిలేస్తారు.

ఇవన్నీ ఒకచోట చేర్చి చూద్దాం. ‘సెలవుల్లో తాతయ్య వాళ్ల ఊరు వెళ్లేవాళ్లం. ఇల్లు పెద్దది. పెరట్లో మామిడిచెట్టు ఉండేది. రోజూ ఎక్కేవాళ్లం. ఒకరోజు కొమ్మ విరిగింది. తమ్ముడు పడ్డాడు.’ మొదటి నాలుగు వాక్యాలకూ ఇంపర్‌ఫెక్ట్‌: ఈబామోస్‌, ఎరా, అబీయా, సుబీయామోస్‌. చివరి రెండింటికీ ప్రెటరిట్‌: సె రొంపియో, సె కాయో. ఇలా సొంత జ్ఞాపకాన్ని ఆరు వాక్యాల్లో తెలుగులో రాసుకుని, ఒక్కో క్రియకూ పక్కన స్పానిష్‌ రూపం రాసుకుంటూ పోతే వారం రోజుల్లో పట్టు దొరుకుతుంది.

తెలుసు... తెలిసింది

కొన్ని క్రియలకు కాలం మారితే అర్థమే మారిపోతుంది. నిఘంటువు తీసినా తేడా దొరకదు. కానీ తెలుగులో చూస్తే విప్పి చెప్పినట్టు ఉంటుంది.

‘సబీయా’ అంటే ‘నాకు అప్పటికే తెలుసు’. ‘సూపే’ అంటే ‘నాకు తెలిసింది’. ‘కొనొసీయా’ అంటే ‘అతనితో పరిచయం ఉండేది’. ‘కొనొసీ’ అంటే ‘అతను పరిచయమయ్యాడు’. ‘పొదీయా’ అంటే ‘చేయగలిగేవాణ్ని’... చేశానో లేదో చెప్పలేదు. ‘పూదే’ అంటే ‘చేయగలిగాను’... చేసేశాను. ‘నో కెరీయా’ అంటే ‘ఇష్టం లేకపోయింది’. ‘నో కీసే’ అంటే ‘ససేమిరా అన్నాను’.

ఇదంతా పరీక్షలో మార్కుల గొడవేనా? కాదు. అమెరికాలో పనిచేసే తెలుగు డాక్టర్లకు స్పానిష్‌ మాట్లాడే రోగులు తారసపడటం మామూలే. ‘తొమాబా లా పస్తీయా’ అని రోగి భార్య చెప్పిందనుకోండి. ఆయన ఆ మాత్ర వేసుకుంటూ ఉండేవాడని అర్థం. ‘తొమో లా పస్తీయా’ అంటే మాత్ర వేసుకున్నాడని. ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు రెండింటికీ ‘హి టుక్‌ ద పిల్‌’ అనేస్తే తేడా గల్లంతే. రోజూ వాడే మందా, ఇవాళ వేసుకున్న మందా అన్నది తేలకపోతే వైద్యం దారితప్పదూ! అలాగే ప్రమాదం జరిగాక పోలీసులు అడిగినప్పుడు ‘బెబీయా’ అంటే అతనికి తాగే అలవాటు ఉండేదని. ‘బెబియో’ అంటే తాగాడని. ఒక్క అచ్చు తేడాతో మనిషి తలరాత మారిపోగలదు.

మర్యాదకూ... ఆటకూ

జరిగిపోయిన కాలంతో మర్యాద కూడా చూపించొచ్చు. స్పెయిన్‌లో హోటల్‌కి వెళ్లి ‘కియేరో ఊన్‌ కాఫే’ అంటే ‘నాకు కాఫీ కావాలి’ అని. కాస్త మెత్తగా అడగాలంటే ‘కెరీయా ఊన్‌ కాఫే’ అంటారు. కావాలనుకున్నానండీ అన్నట్టు. ‘మిమ్మల్ని ఒక సాయం అడుగుదామనుకున్నాను’ అని మనం అనమూ? అనుకోవడం అప్పుడెప్పుడో కాదు, ఇప్పుడే. అయినా గతంలోకి నెట్టేస్తే మాట మెత్తబడుతుంది.

పిల్లల ఆటల్లోనూ ఇదే కాలం. ‘నేను రాణినంట, నువ్వు దొంగవంట’ అని మన పిల్లలు పాత్రలు పంచుకుంటారు. స్పానిష్‌ పిల్లలు ‘యో ఎరా’ (నేను ఉండేదాన్ని), ‘తూ ఎరాస్‌’ (నువ్వు ఉండేవాడివి) అంటూ మొదలుపెడతారు. నిజం కాని లోకంలోకి వెళ్లడానికీ ముగియని గతమే తలుపు!

ఏడు మాటల కథ

గ్వాటెమాలా రచయిత అగుస్తో మొంతెర్రోసో 1959లో తన పుస్తకంలో ఒక కథ వేశాడు. పేరు ‘ఎల్‌ దినోసౌరియో’. కథ మొత్తం ఏడే మాటలు! అందులో క్రియలు రెండు. నిద్ర లేవడం ప్రెటరిట్‌లో ఉంటుంది. డైనోసార్‌ అక్కడ ఉండటం ఇంపర్‌ఫెక్ట్‌లో ఉంటుంది. లేవడం క్షణంలో ముగిసిపోయింది. డైనోసార్‌ ఉండటం మాత్రం ముగియలేదు. పాఠకుడి భయమంతా ఆ ముగియని క్రియలోనే ఉంది. లేచింది ఎవరో కూడా కథలో చెప్పలేదు. క్రియ రూపాన్ని బట్టి అతనైనా కావచ్చు, ఆమైనా కావచ్చు.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

హైదరాబాద్‌లోని ఇంగ్లిష్‌ అండ్‌ ఫారిన్‌ లాంగ్వేజెస్‌ యూనివర్సిటీలో (ఇఫ్లూ), ఢిల్లీలోని జేఎన్‌యూలో స్పానిష్‌ నేర్పుతారు. స్పెయిన్‌ ప్రభుత్వం 1991లో నెలకొల్పిన సెర్వాంతెస్‌ ఇన్‌స్టిట్యూట్‌కు ఢిల్లీలో 2009 నుంచి కేంద్రం ఉంది. ‘దెలె’ అనే అంతర్జాతీయ పరీక్షలు నిర్వహించేది ఈ సంస్థే. ఇంపర్‌ఫెక్ట్‌ పాఠం సాధారణంగా రెండో మెట్టయిన ‘ఏ2’ స్థాయిలో వస్తుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు మాత్రం మరో బడి కూడా ఉంది. ఫోన్లో అమ్మమ్మ ‘మీ అమ్మ చిన్నప్పుడు ఇలా చేసేది, అలా అనేది’ అని చెబుతుంటుంది కదా! ఆ మాటల్ని చెవిన వేసుకున్న పిల్లలకు స్పానిష్‌ టీచర్‌ పెట్టే ఈ పరీక్ష సగం పాసైపోయినట్టే. ఇంట్లో తెలుగు వినిపిస్తే పిల్లలకు పరాయి భాషలు కష్టమవుతాయని బెంగపడే తల్లిదండ్రులు ఈ ఒక్క క్రియను గుర్తుపెట్టుకుంటే చాలు. ‘చేసేవాడు’ తెలిసిన పిల్లలకు ‘అసీయా’ ఎవరూ పనిగట్టుకుని వివరించక్కర్లేదు.